ఎన్నింటికి తెరుస్తారు టీచరమ్మా?

ఒక్క మాట చెప్పవే చెల్లీ, పొద్దున్నే నువ్వు ఇంట్లోంచి ఎన్నింటికి బయటపడతావు? మళ్లీ గడపలో కాలు పెట్టేసరికి ఎంతవుతుంది? ఈ రెండూ అడక్కుండా పిల్లల సంరక్షణ గురించి ఎవరెంత మాట్లాడినా నాకు చిరాకే.

మీ ఊళ్లో చంటిపిల్లల్ని చూసుకునే చోటుందా అంటే ఉందనే అంటాం. నిజమే, లేదనడానికి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 55,607 అంగన్‌వాడీ కేంద్రాలు, తెలంగాణలో 35,700. 1975 అక్టోబరు 2న దేశం మొత్తంలో 33 బ్లాకుల్లో మొదలైన ఈ అంగన్‌వాడీల పథకం, ఐసీడీఎస్, ఇవాళ సుమారు 14 లక్షల కేంద్రాలకి పెరిగింది. చిన్న సంగతేం కాదు. మన ఊళ్లలో గుడ్డు రుచి మొదట అక్కడే చూసిన పిల్లలు ఎంతమందో! కానీ ఆ తలుపు ఎన్నింటికి తీస్తారు, ఎన్నింటికి వేస్తారు, ఎన్నేళ్ల పిల్లని ఉంచుకుంటారు, ఇంటికి ఎంత దూరం, లోపల ఏ భాష మాట్లాడతారు... ఇవన్నీ తెలిస్తేగానీ ఆ కేంద్రం నీకుందో లేదో చెప్పలేం. ఉండటం వేరు, అక్కరకి రావడం వేరు.

మిరపకోతల రోజుల్లో గుంటూరు, పల్నాడు పల్లెలకి వెళ్లి చూడు. కూలీల ఆటో ఆరు, ఆరున్నరకల్లా వీధి మొదట్లో హారన్ కొడుతుంది. ఆలోపే వంట అవ్వాలి, క్యారేజీ కట్టుకోవాలి, పిల్లకి మొహం కడగాలి. అంగన్‌వాడీ టీచరమ్మ తాళం తీసేది తొమ్మిదింటికి. ఈ మధ్యలో పిల్ల ఎక్కడుండాలి? ముసలమ్మ ఉంటే ముసలమ్మ దగ్గర. లేకపోతే ఏ ఏడేళ్ల అక్కో ఆ పూట బడి మానేస్తుంది. అదీ కుదరకపోతే చేలోకే. గట్టు మీద చెట్టుకి పాతచీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టి, తల్లి సాళ్లలోకి దిగుతుంది. పిల్ల ఏడ్చిందని పరుగెత్తుకొచ్చినా ఎత్తుకోవడానికి లేదు, చేతులు కారం. ఎన్ని నీళ్లు పోసి కడిగినా ఆ మంట ఒక పట్టాన పోదు. ఆ చేతులతో పాలెలా ఇస్తావని ఒక తల్లిని అడుగు. మోచేతులతో పిల్లని ఒళ్లోకి లాక్కోవడం ఎలాగో చేసి చూపిస్తుంది.

ఆ కూలీల్లో చాలామంది ఆ ఊరివాళ్లు కూడా కాదు. కర్నూలు పడమటి వైపు ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుంచి చంటిపిల్లల్ని చంకనేసుకుని వలసొచ్చినవాళ్లు. చేను పక్కనే పట్టాలతో గుడారం. పిల్ల పేరేమో సొంతూరి అంగన్‌వాడీ రిజిస్టర్లో ఉంటుంది. వలస వెళ్లినవాళ్ల పేరు కొత్త కేంద్రానికి మార్చుకునే వీలు అంగన్‌వాడీల లెక్కలెక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఉంది. ఉన్నా, మూడు నెలల కోతల కోసం గుడారంలో బతికే మనిషి ఒక పూట కూలి పోగొట్టుకుని ఊళ్లోకెళ్లి ఆ పని చేయించుకోవాలి. ఎవరు చేస్తారే!

ఇటుక బట్టీల సంగతి ఇంకా విడ్డూరం. పెద్దపల్లి వైపూ, హైదరాబాద్ చుట్టుపక్కలా బట్టీల్లో ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల కుటుంబాలు కనబడతాయి. ఎండ ఎక్కకముందే మట్టి పని ముగించాలని అర్ధరాత్రి దాటాక లేచి అచ్చులు పట్టుకుంటారు. తొమ్మిదింటికి అంగన్‌వాడీ తెరిచేసరికి ఆ తల్లి పని సగానికి పైగా అయిపోయి ఉంటుంది. పిల్ల నిద్రపోయిందీ, లేచిందీ, ఆడుకున్నదీ ఆ మట్టికుప్పల పక్కనే. పైగా ఆ పిల్ల మాట్లాడేది ఒడియా. మూడేళ్ల పిల్ల ఒంటేలుకి వెళ్లాలని అడిగితే టీచరమ్మకి అర్థం కావాలి కదా! పలకా బలపం తర్వాత సంగతి.

పల్లెలే కాదు. హైదరాబాద్‌లో నువ్వు పాలప్యాకెట్ కోసం తలుపు తీసేలోపే వీధి ఊడ్చేసి ఉంటుంది చూడు, ఆ మనిషి ఇంట్లోంచి చీకట్లోనే బయల్దేరింది. విశాఖ హార్బర్‌లో చేపలు పాడుకునే ఆడవాళ్లదీ ఆ వేళే. రాత్రి డ్యూటీ నర్సుకైతే పొద్దు గుంకాక కావాలి మనిషి. మన కేంద్రాలన్నీ మాత్రం ఆఫీసు గుమస్తా వేళలకి అతుక్కుపోయాయి. ఏ వీధిలో ఏ పనివాళ్లున్నారో చూసి, ఆ వేళకి తలుపు తీయాలన్న ఆలోచన మన పథకాలకి ఎందుకో తట్టదు. లెక్కలు రాసేవాళ్లు పదింటికి ఆఫీసుకొస్తారు కాబట్టేమో.

సరే, వేళ సంగతి అలా ఉంచు. వయసు చూడు.

ఉద్యోగం చేసే ఆడవాళ్లకి 2017లో ప్రసూతి సెలవు 26 వారాలకి పెంచారు. అంటే ఆరు నెలలు. అంగన్‌వాడీలో పిల్ల కూర్చుని ఆడుకోవడం మొదలయ్యేది మూడేళ్లకి. మరి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా? ఆ వయసు పిల్లలకి బాలామృతం ఇస్తారు, బరువు తూస్తారు, టీకాలకి పిలుస్తారు. అన్నీ మంచివే, కాదనను. కానీ ప్యాకెట్ ఇస్తారు గానీ ఒడి ఇవ్వరు. పాకేదీ, పడేదీ, దొరికిందల్లా నోట్లో పెట్టుకునేదీ, అర నిమిషం కళ్లు పక్కకి తిప్పితే బకెట్ నీళ్ల దగ్గరికి వెళ్లేదీ ఆ రెండున్నరేళ్లే. సరిగ్గా అప్పుడే "ఇక మీ ఇష్టం, మీ ఇంటివాళ్ల ఇష్టం" అని వదిలేశాం. కూలికెళ్లే తల్లికి ఆ ఆరు నెలల సెలవు కూడా లేదు. నెలల గుడ్డుని వదిలేసి నాట్లకి దిగాల్సిందే.

ఇప్పుడు పాల్నా అని ఒక పథకం ఉంది. 2022లో మిషన్ శక్తి కిందకి తెచ్చారు. అంగన్‌వాడీకే క్రెష్, అంటే పసిపిల్లల్ని ఉంచుకునే చోటు, జోడించి, ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల్ని రోజుకి ఏడున్నర గంటలు, నెలకి 26 రోజులు చూసుకోవాలని. ఆలోచన సరైనదే, నాకు నచ్చింది. కానీ పెట్టుకున్న లక్ష్యం దేశమంతటికీ 17,000. పద్నాలుగు లక్షల కేంద్రాలకి లెక్కేసుకో, ఎనభై చిల్లరకి ఒకటి. పైగా ఏడున్నర గంటలు! ఎనిమిది గంటల పని, రానూపోనూ రెండు బస్సులు మారే తల్లికి ఆ లెక్క ఎలా సరిపోతుంది? మిగతా గంటలు పిల్ల గుమ్మంలో కూర్చోవాలా?

సరిపోయేలా చేయడం ఎవరికీ చేతకాదని కాదమ్మా. 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం రాజ్‌ఘాట్ దగ్గర పని జరుగుతుంటే, ఆ దుమ్ములో పడి ఉన్న కూలీల పిల్లల్ని చూసి మీరా మహాదేవన్ అనే ఆవిడ అక్కడే ఒక గుడారంలో పిల్లల్ని చేరదీసింది. అదే మొబైల్ క్రెషస్ సంస్థ అయింది. ఆవిడ చేసిన పెద్ద పనల్లా, తల్లి ఎక్కడ పనిచేస్తే అక్కడే పెట్టడం. పాలు తాగే పిల్లకి తల్లి పిలుపందేంత దూరంలో. పని ఇంకో చోటికి మారితే క్రెష్ కూడా వెంట వెళ్లడం. మన పక్కనే కర్ణాటకలో 2023లో కూసిన మనె అని మొదలుపెట్టారు. ఉపాధి పనికెళ్లే తల్లుల బుజ్జిపిల్లల కోసం 4,000 గ్రామ పంచాయతీల్లో అనుకున్నారు. అదీ మూడేళ్ల లోపు పిల్లలకి. ఎక్కడ చిల్లుందో చూసి అక్కడే అతుకేశారన్నమాట.

ఉపాధి హామీ అంటే గుర్తొచ్చింది. 2005 చట్టంలోనే రాశారు, పనిచోటికి ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురో అంతకన్నా ఎక్కువో వస్తే, వాళ్లని చూసుకోవడానికి కూలీల్లోంచే ఒక ఆడమనిషిని పెట్టాలని, ఆవిడకీ కూలి ఇవ్వాలని. చక్కటి ఏర్పాటు. ఎన్ని పనిచోట్ల చూశావు నువ్వు? నేనైతే చెట్టు కింద నీళ్ల బిందె చూశాను, అక్కడా పిల్లల్ని చూసే మనిషి లేదు. అడిగితే, పిల్లల్ని తీసుకురావొద్దని ముందే చెప్పామన్నారు. పిల్లలు ఐదుగురు లేకపోతే చట్టంతో పనే లేదు కదా, తెలివంటే అదీ!

ఈ లెక్కల తిరకాసు కొండ మీద ఇంకా బాగా కనబడుతుంది. గిరిజన ప్రాంతాల్లో 300 జనాభా ఉంటే అంగన్‌వాడీ, 150 ఉంటే మినీ అంగన్‌వాడీ అన్నది పద్ధతి. లేదూ, ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉంటే అడిగి తెచ్చుకోవచ్చు. మైదానంలో కూర్చుని చూస్తే ఎంతో ఉదారంగా కనబడుతుంది. పాడేరు వైపు ఒక గట్టు మీద పదిహేను గడపల పల్లె ఉంటుంది. అంత పల్లెలో 40 మంది పసిపిల్లలు ఎక్కణ్నుంచి వస్తారు? కేంద్రం ఉన్న పల్లె వాగుకి అవతల, గెడ్డ దాటి వెళ్లాలి. వానాకాలంలో పెద్దవాళ్లే దాటరు. కాఫీ పళ్లు కోసే నెలల్లో తల్లి తోటలో, పిల్ల వీపున. నల్లమలలో చెంచు తల్లులు తేనెకీ జిగురుకీ అడవిలోకి వెళ్తే రాక ఎప్పుడో చెప్పలేరు. అక్కడ రోజూ తొమ్మిది నుంచి నాలుగు అనే గీత గీస్తే ఏం లాభం? ఆ గూడెంలోని ఇద్దరు తల్లులకే నేర్పించి, జీతమిచ్చి, ఆ ఇంటి పంచలోనే పిల్లల్ని చూసుకోమంటే సరిపోతుంది. ఛత్తీస్‌గఢ్ సర్గుజా జిల్లాలో ఫుల్వారీ పేరుతో తల్లులే వంతులవారీగా పిల్లల్ని చూసుకునే పద్ధతి 2012లోనే పెట్టారు. భాష గొడవ కూడా తీరుతుంది. కువిలోనో గోండిలోనో కొలామీలోనో జోలపాడే మనిషి అక్కడే ఉందాయె.

ఇక హైదరాబాద్ పాతబస్తీ కథ వేరు. లాడ్ బజార్‌లో నువ్వు కొనే లక్క గాజులు చాలా వరకు ఇళ్లలోనే తయారవుతాయి. బొగ్గుల కుంపటి మీద లక్క మెత్తబరిచి, వేడిమీదే గాజు తిప్పి రాళ్లద్దుతారు. జర్దోసీ పని కూడా అంతే, గదిలో సగం కార్చోబ్ చట్రానిదే. "ఇంట్లోనే ఉంటావుగా, పిల్లల్ని చూసుకోలేవా" అంటారు ఆవిణ్ని. ఇంట్లో ఉంటుంది సరే, ఆ ఇంట్లోనే కుంపటి కూడా ఉంటుంది! ఒక కన్ను గాజు మీద, ఒక కన్ను పిల్ల మీద. పీసుకింత అని లెక్క కట్టే పని. పిల్ల లేచినప్పుడల్లా ఆవిడ కూలి తెగుతుంది. ఆవిడకి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉంచుకునే డే కేర్ అక్కర్లేదు. అదే గల్లీలో, పరదా పాటించే కోడలు కూడా నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో, మూడు గంటలు పట్టుకునే ఒక ఖాలా చాలు. ఎవరికేం కావాలో వాళ్లనే అడిగి ఉంటే, ఖర్చు కూడా ఇంత కాదు.

ఇప్పుడు నీ సంగతికి వద్దాం. నీకు కంపెనీ ఉంది, ఐడీ కార్డు ఉంది, చట్టం కూడా ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఆడవాళ్లు 50 మందికి మించితే క్రెష్ పెట్టాలన్నారు, 1976లో దాన్ని 30కి దించారు. మంచే చేశామనుకున్నారు. ఆడవాళ్లని లెక్కపెట్టే చట్టం చూసి, 30 దగ్గర ఆపితే పోలా అనుకోని యజమాని ఉంటాడా? 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి ఆ చిక్కు తీసేశారు. ఆడా మగా కలిపి 50 మంది ఉద్యోగులుంటే చాలు, క్రెష్ ఉండాలి, రోజుకి నాలుగుసార్లు వెళ్లి పిల్లని చూసి రావచ్చు. మొత్తం ఖర్చు మాత్రం కంపెనీ నెత్తినే వేశారు. ప్రభుత్వం ఆరు నెలల జీతంలో ఒక వాటా కూడా పెట్టలేదు. ఇంటర్వ్యూలో "పెళ్లయిందా, పిల్లల సంగతేమనుకుంటున్నారు" అని నవ్వుతూ అడగడం ఎందుకు పోలేదో దీన్నిబట్టి తెలుసుకో. నేను ప్రభుత్వాన్నే తప్పుపడతాను. పిల్ల అందరిదీ అయితే ఖర్చూ అందరిదీ కావాలి కదా.

ఆ క్రెష్ కూడా గచ్చిబౌలిలో ఉంటుంది, నీ ఇల్లు ఉప్పల్‌లో. పసిపిల్లని ఆ ట్రాఫిక్‌లో రానూపోనూ తిప్పేకంటే ఉద్యోగం మానేయడమే మేలనుకున్నవాళ్లు మన చుట్టాల్లోనే ఎంతమంది లేరు! అప్పుడు మిగిలేది అమ్మమ్మో నానమ్మో.

అమ్మమ్మల మీద ఒక దేశమే నడుస్తోందంటే అతిశయోక్తి కాదే. అమెరికాలో కూతురు నీళ్లాడితే అమ్మ విజిటర్ వీసా మీద వెళ్తుంది, ఆరు నెలలు కాగానే అత్తగారు దిగుతుంది. ఈ వంతులు అయ్యాక కొందరు పిల్లనే ఏడాదో రెండేళ్లో ఇక్కడికి పంపేస్తారు. కడప, కోనసీమ వైపు ఇంకో కథ. అక్కడి తల్లులు ఇంటిపనికి కువైట్ వెళ్తారు. ఎవరి పిల్లలకో తల దువ్వి, అన్నం తినిపించి, జోకొట్టి, ఆ జీతంతో సొంత పిల్లల్ని ఊళ్లో అమ్మమ్మ దగ్గర పెంచుతారు. రాత్రి వీడియో కాల్‌లో "అన్నం తిన్నావా నాన్నా" అంటారు. డబ్బొస్తోందిగా అని తేలిగ్గా తీసేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పల్లెల్లో అమ్మమ్మలకి కావలసిందేమిటని ఎవరైనా అడిగారా? పరుగెత్తే రెండేళ్ల మనవడి వెనకాల అరవై ఏళ్ల మనిషి ఎంతసేపు పరుగెత్తుతుంది? అమ్మమ్మలకీ మోకాళ్లుంటాయమ్మా. పూటకి నాలుగు గంటలు ఎవరైనా పట్టుకుంటే ఆవిడ నడుం వాలుస్తుంది.

మరి పట్టుకునే ఆవిడకి ఏమిస్తున్నాం? 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు సమ్మెకి దిగారు, 42 రోజులు. అప్పటికి టీచరుకి నెలకి 11,500, ఆయమ్మకి 7,000. జీతం కూడా అనరు దాన్ని, గౌరవ వేతనం అంటారు. మొదట కేంద్రాల తాళాలు పగలగొట్టి గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బందితో నడిపించాలని చూశారు, తర్వాత ఎస్మా పెట్టారు. ఎస్మా అంటే అత్యవసర సేవ అని కదా! అత్యవసరమని ఒప్పుకున్నాక ఆ డబ్బేమిటి మరి? 2022లో సుప్రీంకోర్టు వీళ్లకి గ్రాట్యుటీ హక్కుందని తీర్పిచ్చింది, అదొక్కటి నయం. బరువులు తూయాలి, ఫోన్‌లో ఫొటోలు ఎక్కించాలి, సర్వేలు చేయాలి, ఓటర్ల జాబితా పట్టుకుని తిరగాలి. ఇన్నీ చేస్తూ పొద్దున్న ఆరింటికే తలుపు తీయమంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, ఆవిడకీ ఇంట్లో పిల్లలుంటారు. వేళలు పెంచాలంటే మనుషుల్ని పెంచాలి, రెండో షిఫ్టుకి రెండో మనిషి ఉండాలి. ఇది మాత్రం ఎవరూ చెప్పరు.

ఇంత చెప్పాక చేతికి అందే రెండు ముక్కలు కూడా చెబుతాను, విను. ఉద్యోగంలో చేరేటప్పుడు ప్రసూతి సెలవు, క్రెష్ వగైరా నీకేం వస్తాయో రాతపూర్వకంగా ఇవ్వడం కంపెనీ బాధ్యత, 2017 సవరణలోనే ఉంది. పెళ్లి కాకపోయినా అడిగి తీసుకో. సిగ్గేం లేదు.

డే కేర్ చూడటానికి వెళ్తే వాళ్లు రమ్మన్న వేళకి వెళ్లకు. మధ్యాహ్నం ఒంటిగంటకి, పిల్లలు తినే వేళకి వెళ్లు. గోడ మీద బొమ్మలు కాదు చూడాల్సింది. ఒక్కో ఆయమ్మ చేతికింద ఎంతమంది పిల్లలున్నారు, గుడ్డలు తడిస్తే ఎంతసేపటికి మారుస్తున్నారు, ఏడుస్తున్న పిల్ల దగ్గరికి ఎవరు వెళ్తున్నారు, ఆ వెళ్లిన మనిషిని పిల్ల గుర్తుపడుతోందా, ఇవి చూడు. ఆయమ్మలు ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారో అడుగు. రెణ్నెల్లకో మనిషి మారుతుంటే ఆ ఊసే వద్దు.

చూడ్డానికి మీ ఆయన్ని కూడా వెంటబెట్టుకెళ్లు. 2019లో కేంద్ర ప్రభుత్వం చేయించిన టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లలో ఆ పని చేసేవాళ్లు 97 నిమిషాలు అని తేలింది. చేసేవాళ్ల లెక్కే సుమా, అసలు ముట్టుకోనివాళ్లని కలపకుండా. అందుకని ఫారం నింపేటప్పుడు, పిల్లకి జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్న గడిలో మొదటి నంబరు ఆయనది రాయించు. ఎప్పుడూ నువ్వే ఎందుకు మీటింగ్‌లోంచి లేవాలి? ఒకసారి ఆయన్నీ లేవనీ, ఆయనకీ ఓ పిల్లుందని ఆ ఆఫీసువాళ్లకీ తెలుస్తుంది.